ఢోలక్ ఆగిన చోట

మా ఇంట్లో పెళ్ళికి వచ్చి వెళ్ళిన ఏ తెలుగు మిత్రుణ్ణయినా అడగండి. బిర్యానీ బ్రహ్మాండం అంటాడు. ఇంకొంచెం గుచ్చి అడిగితే ఖుబానీ కా మీఠా సంగతి చెప్తాడు. మా మీద ప్రేమతో వ్యాసాలు రాసే సెక్యులర్ మిత్రులూ అంతే. షేర్వానీ, అత్తరు, అలాయ్ బలాయ్, చివర్లో కులీ కుతుబ్‌షా. పరదాకు అవతలి గదిలో మా ఆడవాళ్ళు రాత్రి రెండింటిదాకా గొంతు బొంగురుపోయేలా ఏం పాడతారో ఎవరూ అడగరు. అడగకపోవడం వాళ్ళ తప్పే అనలేం. మేం ఎప్పుడు చెప్పాం గనక?

వాటిని ఢోలక్ కే గీత్ అంటారు. మాంజా నాడు పెళ్ళికూతురుకు పసుపు బట్టలు కట్టి కూర్చోబెట్టిన దగ్గర్నుంచి రుఖ్సతీ దాకా సాగే పాటలు. ఒక పల్లవి ఉంటుంది. అది తిరిగి తిరిగి వస్తుంటుంది. మధ్యలో ఎవరికి తోచిన మాట వాళ్ళు కలుపుతారు. వియ్యపురాలి ముక్కు, ఆమె పిసినారితనం, ఆమె వండిన ఉప్పులేని దాల్చా, ఏదీ వదలరు. పరదాలో అణిగి ఉండే ఆడది అని మీరు సినిమాల్లో చూసిన మనిషే అక్కడ ఎదుటివాళ్ళ మూడు తరాలనూ కడిగేస్తుంది. కడిగించుకున్న వియ్యపురాలు నవ్వుతూ పైకం తీసి ఢోలక్ మీద పెడుతుంది.

ఇదంతా దక్కనీలో. 'నక్కో', 'హౌ', 'కైకు' అనే మా దక్కనీలో. ఉర్దూ బడిలో 'నక్కో' అంటే బెత్తంతో కొట్టారు, 'నహీఁ' అనమని. తెలుగు బడిలో మా తెలుగు విని 'తురక తెలుగు' అని నవ్వారు. అక్కడ సరిగ్గా ఉర్దూ కాదు, ఇక్కడ సరిగ్గా తెలుగు కాదు. మా నోట్లో ఉన్న భాషకు బడిలో ఎక్కడా బెంచీ లేదు. ఢోలక్ చుట్టూ మాత్రం దానికి పెద్దపీట ఉండేది.

మా దగ్గర ఆ పాటలున్న క్యాసెట్ ఒక్కటే మిగిలింది. 1988లో నల్లగొండలో మా చిన్న ఖాలా మాంజా నాడు పట్టింది. పెళ్ళి జ్ఞాపకం కోసం పట్టింది కాదు. మా మామూ అప్పుడు జిద్దాలో పనిచేసేవాడు. చెల్లెలి పెళ్ళికి కఫీల్ సెలవివ్వలేదు. ఫోన్ చేస్తే నిమిషానికింత అని గుండె దడదడలాడే రోజులు. అందుకని ఆయనే అంతకుముందు తెచ్చిన టేప్‌రికార్డర్‌ని దస్తర్‌ఖాన్ పక్కన పెట్టి, 90 నిమిషాల క్యాసెట్ నింపి, ఊరివాళ్ళెవరో పోతుంటే చేతికిచ్చి పంపారు. గల్ఫ్‌కు పోయిన ఇళ్ళల్లో ఉత్తరాలు రాయడం రానివాళ్ళందరికీ క్యాసెట్లే ఉత్తరాలు. ఆ క్యాసెట్ జిద్దా వెళ్ళి, మామూ పెట్టెలో మళ్ళీ తిరిగొచ్చింది. అందులో పాడింది ముఖ్యంగా మా నానీ. ఆమె 1997లో పోయింది. ఆమె ఫొటో ఒక్కటే ఉంది, అదీ రేషన్ కార్డు కోసం తీసింది. గొంతు మాత్రం ముప్పావుగంట చొప్పున రెండు వైపులా ఉంది.

ఇప్పుడు మా పెళ్ళిళ్ళు ఫంక్షన్ హాళ్ళలో అవుతున్నాయి. ఢోలక్ బదులు డీజే పెట్టెలు. మా ఆపా కూతురి నిఖా కుదిరినప్పుడు ఆ పిల్లే అంది, "ఖాలా, నానీ పాట డీజేలో పెట్టిద్దామా?" అని. దానికేముంది అనుకున్నాం. దాని తమ్ముడు, మా భాంజా, డిగ్రీ చదువుతున్నాడు, వాడి లాప్‌టాప్‌లో ఎఫ్ఎల్ స్టూడియో ఉంది. మేం బీఏలో చరిత్ర, రాజనీతి, ఉర్దూ సాహిత్యం చదివి పత్రికాఫీసులో జీవితం గడిపినవాళ్ళం. వాడి పక్కన కుర్చీ వేసుక్కూర్చుని అక్షరాభ్యాసం మొదలుపెట్టాం.

ఈ ఎఫ్ఎల్ స్టూడియో 1990ల చివర్లో బెల్జియం వాళ్ళు చేసింది. మొదట్లో దాని పేరు ఫ్రూటీ లూప్స్. డబ్బు కట్టకుండా పరీక్షకు వాడుకోవచ్చు గానీ ఒక తిరకాసుంది. చేసిన పనిని దాచుకోనిస్తుంది, దాచుకున్నదాన్ని తిరిగి తెరవనివ్వదు. వక్ఫ్ ఆస్తుల కాగితాలు గుర్తొచ్చి నవ్వుకున్నాం.

మొదటి పని క్యాసెట్‌ను కంప్యూటర్‌కెక్కించడం. పాత టేప్‌రికార్డర్ తల దూదితో, స్పిరిట్‌తో తుడిచి, ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి లాప్‌టాప్‌కు తీగ కలిపి, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పట్టాలి. ఇందులో తొందరపాటు కుదరదు. ముప్పావుగంట పాటను ఎక్కించడానికి ముప్పావుగంటే పడుతుంది. ఫైలు నకలు చేసినట్టు కాదు, మళ్ళీ ఒకసారి ఆ రాత్రంతా కూర్చోవాల్సిందే. అమ్మీ వంటింట్లోంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడి విని, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది.

ఇక లూప్. పాటలో ఒక ముక్క కోసి, దాని తోక తెచ్చి తలకు ముడెయ్యడమే లూప్. వినడానికి తేలిక. లెక్క మాత్రం నిక్కచ్చి. ఢోలక్ నిమిషానికి 96 దెబ్బల వేగంతో నడుస్తోందనుకోండి. 60ని 96తో భాగిస్తే దెబ్బకు 0.625 సెకను. నాలుగు దెబ్బలు కలిపితే సరిగ్గా రెండున్నర సెకన్లు. ముక్క అంతే ఉండాలి. వెంట్రుకవాసి ఎక్కువైనా నాలుగోసారి తిరిగేసరికి తాళం కుంటుతుంది. తెరమీద శబ్దం అలలా కనిపిస్తుంది. మధ్యలో సున్నా గీత ఉంటుంది. అల ఆ గీతను దాటేచోటే కత్తెర పెట్టాలి. ఇంకెక్కడ పెట్టినా అతుకు దగ్గర ప్రతిసారీ 'టిక్'మంటుంది. సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో వరసకు 16 గళ్ళుంటాయి. మన కెహర్వా తాళానికి 8 మాత్రలు కాబట్టి గడి విడిచి గడిలో పెడితే సరిపోతుంది. ధా గె న తి న క ధి న. ఇక్కడిదాకా బాగానే ఉంది.

బాగాలేనిది ఎక్కడంటే, మా నానీ వాళ్ళు గళ్ళలో పాడలేదు. పాట మొదట్లో లెక్కేస్తే 92 ఉంది. మధ్యలో ఎవరో వియ్యపురాలి మీద మంచి మాట విసిరారు, నవ్వులు, 100 దాటింది. చివరికొచ్చేసరికి 116. మనుషులు కదా, సంతోషమొస్తే పరిగెడతారు. భాంజా మొత్తం పాటను సాగదీసి, నొక్కి, 100 దగ్గర నిలబెట్టాడు. సాఫ్ట్‌వేర్‌కి అది చిటికెలో పని. స్వరం మారకుండా వేగం మారుస్తుంది. విన్నాం. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ట్రాఫిక్ పోలీసు ఆపిన పెళ్ళివారిలా వరసలో, బుద్ధిగా ఉన్నాయి. "ఇంకొంచెం వదలరా" అంటే, "వదిలితే బీట్ కూర్చోదు ఖాలా" అన్నాడు. వాడి మాటా నిజమే.

లూప్ అంటే కొత్త పిచ్చి అనుకునేవాళ్ళకు కొంచెం చరిత్ర చెప్పాలి, చరిత్ర చదివిన చదువు ఊరుకోదు. 1948లో పారిస్ రేడియోలో పియరీ షెఫర్ అనే ఇంజనీరు గ్రామఫోన్ రికార్డు గాడిని గుండ్రంగా మూసేసి, ముల్లు అక్కడక్కడే తిరిగేలా చేసి సంగీతం కట్టాడు. అది చదువుకున్నవాళ్ళ ప్రయోగం. పేదల ప్రయోగం న్యూయార్క్ బ్రాంక్స్‌లో జరిగింది. జమైకా నుంచి వలస వచ్చిన కూల్ హెర్క్ అనే కుర్రాడు 1973 ఆగస్టు 11న చెల్లెలు పెట్టిన పార్టీలో గ్రామఫోన్లు తిప్పాడు. జనం ఎగిరేది పాటకు కాదు, పాట మధ్యలో డ్రమ్ము ఒంటరిగా మోగే ఆ కాస్త జాగాకు అని కనిపెట్టినవాడు అతను. ఒకే రికార్డు రెండు ప్రతులు పెట్టుకుని, ఒకటి అయిపోగానే రెండోదానికి దూకుతూ ఆ జాగాను సాగదీసేవాడు. హిప్‌హాప్ పుట్టింది అక్కడే అంటారు.

లోకంలో అందరికన్నా ఎక్కువగా కోసుకున్న ముక్కల్లో ఒకదాని పేరు వింటే మాకు ఒళ్ళు జలదరించింది. 'ఆమెన్ బ్రేక్'. మా దువా చివర్లో మేమనే ఆమీనే అది. 1969లో ద విన్‌స్టన్స్ అనే బృందం చేసిన 'ఆమెన్, బ్రదర్' అనే పాటలో గ్రెగరీ కోల్‌మన్ అనే నల్లజాతి డ్రమ్మరు వాయించిన ఆరేడు సెకన్ల దరువు. వేల పాటల్లోకి దాన్ని కోసి అతికించారు. కోల్‌మన్‌కు పైసా రాలేదు. 2006లో తలదాచుకోను ఇల్లు లేక పోయాడు. 2015లో బ్రిటన్‌లో అభిమానులు చందాలేసి 24,000 పౌండ్లు పోగుచేసి ఆ బృందం నాయకుడికిచ్చారు. వాయించినవాడు అప్పటికే మట్టిలో ఉన్నాడు.

ఆ మాటకొస్తే మా ఖవ్వాలీలోనూ కోసి ముడెయ్యడం ఉంది. దాన్ని గిరహ్ అంటారు. గిరహ్ అంటే ముడే. పాట నడుస్తుండగా ఖవ్వాల్ హఠాత్తుగా వేరే కవి షేర్, వేరే భాషలోది తెచ్చి కట్టి, మళ్ళీ అదే పల్లవి మీద వాలతాడు. మన హరిదాసు పిట్టకథ చెప్పి అసలు కథలోకి వచ్చినట్టు. నుస్రత్ ఫతే అలీఖాన్ 'మస్త్ మస్త్'ని 1990లో బ్రిటన్‌లోని మాసివ్ అటాక్ వాళ్ళు రీమిక్స్ చేసి తెల్లవాళ్ళ క్లబ్బుల్లో ఎగిరించినప్పుడు కొందరు పెద్దలు నొచ్చుకున్నారు. నాంపల్లి యూసుఫైన్ దర్గా ఉర్సులో ఖవ్వాలీ విన్నవాళ్ళకు అందులో నొచ్చుకునేంత కొత్తేం కనిపించదు.

కానీ డీజే అనే మాటకు మా బస్తీల్లో రెండు అర్థాలున్నాయి. పిల్లలకు పెళ్ళి గుర్తొస్తుంది. పెద్దవాళ్ళకు ఊరేగింపు గుర్తొస్తుంది. 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్ కరౌలీలో, మధ్యప్రదేశ్ ఖర్గోన్‌లో ఊరేగింపులు కొట్లాటలయినప్పుడు, ముస్లిం వాడల్లో డీజే మీద మోగిన పాటల గురించీ పత్రికలు రాశాయి. ఆ పాటలే పెద్ద వ్యాపారమైన తీరు మీద కునాల్ పురోహిత్ అనే పాత్రికేయుడు 2023లో 'హెచ్-పాప్' అని పుస్తకమే రాశాడు. వాటినీ ఇదే సాఫ్ట్‌వేర్‌లో, ఇవే 16 గళ్ళలో, ఇలాంటి పిల్లలే చేస్తారు. హైదరాబాద్ శాసనసభ్యుడొకరు 2019 ఏప్రిల్‌లో మన సైన్యానికి అంకితమంటూ ఒక పాట విడుదల చేస్తే, అది మా పాటకు నకలని పాకిస్తాన్ సైన్యం ప్రతినిధి ఎద్దేవా చేశాడు. మమ్మల్ని పొద్దున లేస్తే పాకిస్తాన్ పొమ్మనేవాళ్ళ పాట మాకంటే ముందు వెళ్ళొచ్చిందా ఏమిటని మా ఆఫీసులో నవ్వుకున్నాం. నవ్వి ఊరుకోవడం తప్ప ఏం చేస్తాం?

మా వాళ్ళేం తక్కువ తినలేదు. మిలాద్ జులూస్‌లో నాత్‌కు బేస్ దరువు తగిలించి, ఆసుపత్రి గోడలు అదిరేలా మోగించే కుర్రాళ్ళున్నారు. ప్రవక్త పేరు మీద పక్కవాడి గుండె అదరగొట్టమని ఎవరు చెప్పారు వీళ్ళకు? 2024 అక్టోబర్ 1న హైదరాబాద్ పోలీసులు మతాల ఊరేగింపులన్నిటిలోనూ డీజేలు నిషేధిస్తూ ఉత్తర్వు తెచ్చినప్పుడు మా ఇంట్లో అమ్మీ షుక్రానా చేసింది.

ఈ గొడవలో మా కడుపు మండించేది ఇంకొకటుంది. తీన్‌మార్. బోనాలకు తీన్‌మార్, నిమజ్జనానికి తీన్‌మార్, ఎలక్షన్ ర్యాలీకి తీన్‌మార్. 2011లో అదే పేరుతో సినిమా వచ్చింది. ఆ మాటే ఉర్దూ అని ఎందరికి గుర్తుంది? ఆ దరువు మర్ఫాది. యెమెన్‌లోని హద్రమౌత్ అరబ్బులూ, ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలూ నిజాం కొలువులో తెచ్చి నిలిపిన వాద్యం. సిద్దీలు గుర్రాల మీద కాపలా కాసిన ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ పేరే ఏసీ గార్డ్స్. అరబ్బుల బ్యారక్‌లే బార్కస్. ఆ గల్లీల్లో పెళ్ళికి మోగింది ఊరందరి పెళ్ళికీ మోగింది. సంతోషమే. దరువు మీద ఎవరికీ పట్టా లేదు, ఉండకూడదు. అయితే మా భాంజా దగ్గర డౌన్‌లోడ్ చేసిన తీన్‌మార్ లూపులు నలభై దాకా ఉన్నాయి, ఒక్కదాని మీదా మర్ఫా అనే మాట లేదు. అదే దరువు మీద మమ్మల్ని దేశం విడిచి పొమ్మనే పాట ఎక్కించినప్పుడు ఏమనాలి? దరువు మాది, తిట్టూ మాకే.

మళ్ళీ క్యాసెట్ దగ్గరికొద్దాం. పాత టేపులో 'హిస్స్' అని హోరుంటుంది. దాన్ని తీసెయ్యడానికి ఆడాసిటీలో ఒక పద్ధతుంది. ఎవరూ పాడని, మాట్లాడని రెండు మూడు సెకన్లు ఎంచి, 'ఇదీ హోరు' అని దానికి చూపించాలి. అది ఆ హోరు ఆనవాలు పట్టుకుని మొత్తం టేపులో అలాంటిదంతా అణిచేస్తుంది. ఏది చప్పుడో, ఏది రొదో ఎంచి చూపించే పని మాత్రం మనిషిదే. మేం హోరనిచూపిస్తే అది హోరే.

ఆ గదిలో అంతమంది ఆడవాళ్ళుంటే నిశ్శబ్దం ఎక్కడ దొరుకుతుంది? ఒకచోట దొరికింది. పాట మంచి ఊపులో ఉండగా దూరంగా ఇషా అజాన్ వినిపిస్తుంది. ఢోలక్ టక్కున ఆగుతుంది. ఎవరో పిల్లని 'చుప్' అంటారు. దుపట్టాలు తలమీదికి లాక్కుంటుంటే గాజులు గలగలమంటాయి. అజాన్ పూర్తవుతుంది. తర్వాత ఒక పన్నెండు సెకన్లు ఏమీ లేదు. పెదవులు మాత్రం దువా చదువుతుంటాయి, అవి టేపుకెక్కవు.

భాంజా ఆ భాగమంతా కోసేద్దామన్నాడు. "డెడ్ ఎయిర్ ఖాలా. డ్యాన్స్ ఫ్లోర్ చల్లబడిపోతుంది." రేడియోవాళ్ళ మాట అది, వాడి నోట్లోకి ఎలా వచ్చిందో. కోసే ముందు ఆ పన్నెండు సెకన్లలోంచి మూడు సెకన్లు హోరుకు నమూనాగా ఎంచాడు. మీట నొక్కబోతుంటే ఆగమని, హెడ్‌ఫోన్ పెట్టుకుని, శబ్దం పెంచి విన్నాం. హోరు వెనక ఒక గొంతుంది. గుసగుసగా, తెలుగులో.

"అయిపోయిందా పెద్దమ్మా? కొట్టాల్నా?"

మా పక్కింటి అక్క. మా నానీని పెద్దమ్మా అని పిలిచేది. ఢోలక్ ఆమె చేతిలో ఉందన్నమాట. మా దక్కనీ పాటలన్నిటికీ ఆ రాత్రి తాళం వేసింది, బతుకమ్మ ఆడే చేతులతో, ఆమె. అజాన్ ఎక్కడయిపోతుందో ఆమెకు సరిగ్గా తెలీదు, అందుకని అడుగుతోంది. అడిగేంతవరకూ ఆపింది. ఎవరూ ఆమెకు ఉత్తర్వు ఇవ్వలేదు.

ఆ మూడు సెకన్లు హోరని చూపించి ఉంటే ఆ గుసగుసకు తగిలే శబ్దాలన్నీ టేపంతటా బలహీనపడేవి. ఇంకోచోట, క్యాసెట్ మొదట్లో, మీట నొక్కాక పాట మొదలయ్యేలోపు ఒక సెకనున్నర దొరికింది. దానితో సరిపెట్టుకున్నాం. హోరు పూర్తిగా పోలేదు.

లౌడ్‌స్పీకర్ల మీద 2000లో వచ్చిన నిబంధనలు మాకూ తెలుసు. నివాసప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి పది నుంచి పొద్దున ఆరుదాకా మైకు వద్దని 2005లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. న్యాయమే. అందరికీ ఒకటే కొలబద్ద అయితే మాకేం అభ్యంతరం లేదు. మేం అడిగేదల్లా నమూనా ఎంచేవాళ్ళు హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒకసారి వినమని.

పాట సిద్ధమయ్యాక అసలు పేచీ ఇంట్లోనే మొదలైంది. అమ్మీ వద్దంది. "మేరీ అమ్మీ కీ ఆవాజ్ గైర్ మర్దాఁ సునేంగే? ఖబర్ మే భీ చైన్ నక్కో దేతే తుమ్ లోగాఁ?" పరాయి మగాళ్ళు వింటారన్నది ఆమె బాధ. మా చచ్చా ఇంకో మెట్టెక్కి సంగీతమే హరామ్ అన్నాడు. దఫ్ పెళ్ళిలో చెల్లుతుందనేవాళ్ళున్నారు, చిష్తీల ఖాన్‌ఖాల్లో సమా ఉంది, 1111లో కన్నుమూసిన ఇమామ్ గజాలీ సమా మర్యాదల మీద ఒక అధ్యాయమే రాశాడు అని మేం అన్నాం. "గజాలీ నీ డీజేని చూడలేదు" అన్నాడు చచ్చా. ఆ జవాబుకు మా దగ్గర జవాబు లేదు.

అమ్మీ మాట అంత తేలిగ్గా తీసిపారేసేది కాదు. పాడిన మనిషి ఆ గదికోసం పాడింది, ఆ గది గోడల్ని నమ్మి పాడింది. వియ్యపురాలి ముక్కు మీద వేసిన మాట యూట్యూబ్ కోసం వేసింది కాదు. అయితే అదే నీతి మీద మా ఆడవాళ్ళ గొంతులన్నీ తరాలుగా గదుల్లోనే ఆరిపోయాయి కదా! మిగిలింది మగాళ్ళ ముషాయిరాలే. మాకు రెండూ నిజాలే అనిపించాయి, ఇప్పటికీ అనిపిస్తున్నాయి. చివరికి ఒక్క మాటన్నాం. "అమ్మీ, జిద్దాలో మామూ గదిలో ఎంతమందుండేవాళ్ళు?" ఎనిమిదిమంది. అందరూ పరాయి మగాళ్ళే. ఆ క్యాసెట్ పెట్టుకుని అందరూ ఏడ్చారని మామూ తిరిగొచ్చాక చెప్పింది అమ్మీకే. ఆమె కాసేపు తస్బీహ్ తిప్పుకుంటూ కూర్చుంది. "ఔరతాఁ కే హాల్ మే బజాలో. ఫోనాఁ మే నక్కో" అంది. ఆడవాళ్ళ హాల్లో మోగించుకోండి, ఫోన్లలోకి మాత్రం వద్దు.

భాంజా మొహం మాడిపోయింది. లక్ష మంది చూసేవాళ్ళన్నాడు. ఢోలక్, చప్పట్లు మాత్రం ఉన్న లూప్‌ను ఎవరికైనా ఇచ్చుకోమని, నానీ గొంతున్నది ఇల్లు దాటొద్దని తీర్మానమైంది. లూప్ ఫైలు పేరులో పక్కింటి అక్క పేరు పెట్టాం. ఆమె ఇప్పుడు నల్లగొండలోనే కొడుకు దగ్గరుంటోంది. డెబ్బై దాటింది. ఫోన్ చేసి అనుమతి అడిగితే, "నన్నెందుకడుగుతవు బిడ్డా, మీ పాటే గద" అంది. పెళ్ళికి రమ్మంటే వచ్చింది. ఆడవాళ్ళ హాల్లో ముందు వరసలో కూర్చోబెట్టి వినిపించాం. నానీ గొంతు రాగానే కొంగు నోటికడ్డం పెట్టుకుంది. తర్వాత తేరుకుని ఢోలక్ లూప్ చాలాసేపు విని, "ఇదెవరు కొడుతున్నరు?" అంది. నువ్వేనంటే నమ్మలేదు. "నేనిట్ల కొట్టను. నేను మధ్యల తప్పుతుంటి" అంది.

అజాన్ ఉన్న భాగాన్ని కొయ్యలేదు. ఢోలక్ ఆగుతుంది, పన్నెండు సెకన్లు హాలంతా నిలబడుతుంది. డీజే పెట్టెల దగ్గరున్న కుర్రాడు తీగ ఊడిందేమోనని వంగి చూశాడు. పిల్లలు కొందరు నవ్వారు. అమ్మీ వయసువాళ్ళు అలవాటుగా తలమీద దుపట్టా సర్దుకున్నారు, అప్పుడు నమాజు వేళ కాకపోయినా. మా వియ్యపురాలికి మాత్రం ఈ ఏర్పాటు నచ్చలేదు. పెళ్ళిలో ఖబరస్తాన్ నిశ్శబ్దమేమిటని ఎవరితోనో అందట.

టేపుకు ఇంకో వైపుంది. అది సగం దాకా ముడతలు పడి ఉంది, పెన్సిల్ పెట్టి తిప్పితే బిగుసుకుంటోంది. భాంజా దాని పెట్టె స్క్రూలు ఊడదీసి, టేపును వేరే డొల్లలోకి మార్చాలంటున్నాడు. సన్న స్క్రూడ్రైవర్ కోసం కోఠీ వెళ్ళాలి.